గేమింగ్ పీసీకి డ్రైవ్: డబ్బా మీద వేయని అంకె

హార్డ్ డిస్క్ మీద 7200 ఆర్‌పీఎం అని రాసి ఉంటుంది. లోపలి పళ్లెం సెకనుకు 120 చుట్లు తిరుగుతుందన్నమాట. జోరుగానే ఉంది. కానీ ఒక్కో చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన డేటా హెడ్ కిందికి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4.2. హెడ్ సరైన చోటికి జరగడానికి ఇంకో 8, 9. మొత్తం 12.5 మిల్లీసెకన్లు అనుకుందాం.

గేమ్ ఒక లెవెల్ తెరవడానికి పది వేల చిన్న ముక్కలు ఏరుకోవాల్సి వస్తే హార్డ్ డిస్క్ మీద 125 సెకన్లు. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ ఒక్కో ముక్కను దాదాపు 0.1 మిల్లీసెకనులో అందిస్తుంది. అదే పని ఒక్క సెకనులో అయిపోతుంది. (గేమ్ తయారీదారులు ఫైళ్లను మరీ ఇంత చెల్లాచెదురుగా పెట్టరు. తేడా ఎక్కడ పుడుతుందో చూపడానికే ఈ లెక్క.) డబ్బా మీద వేయనిది ఈ నిరీక్షణ కాలమే.

వేసేది ఎంబీల లెక్క. సెకనుకు సాటా ఎస్‌ఎస్‌డీ 550, ఎన్‌వీఎంఈ జెన్ 3 అయితే 3,500, జెన్ 4 దాదాపు 7,000, జెన్ 5 ఏకంగా 14,000. సాటా కన్నా జెన్ 5 పాతిక రెట్లు! అయినా చాలా గేముల్లో లోడింగ్ తేడా కొద్ది సెకన్లే. చదివిన డేటాను విప్పి సిద్ధం చేసేది ప్రాసెసర్. అక్కడ క్యూ కట్టాక డ్రైవ్ ఎంత పరుగెత్తినా లాభం లేదు. ఈ చిక్కు విప్పడానికి మైక్రోసాఫ్ట్ 2022లో డైరెక్ట్‌స్టోరేజ్ తెచ్చినా, వాడుకుంటున్న గేములు కొన్నే. ఇక ఎఫ్‌పీఎస్ పెంచడం గ్రాఫిక్స్ కార్డు పని. జెన్ 5కి పెట్టే అదనపు డబ్బు నా లెక్కలో దండగ. దాన్ని కెపాసిటీ మీద పెట్టండి.

ఎందుకంటే బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ, స్టార్‌ఫీల్డ్‌కు 125, సైబర్‌పంక్ 2077కి 70 కావాలి. మూడూ ఎస్‌ఎస్‌డీయే ఉండాలంటాయి. 500 జీబీ డ్రైవ్ విండోస్‌లో 465గానే కనిపిస్తుంది. ఈ మూడూ, విండోస్ కలిసి దాన్ని దాదాపు నింపేస్తాయి. కనీసం 1 టీబీ, వీలైతే 2 తీసుకోండి.

మన్నిక గురించి బెంగ అక్కర్లేదు. 1 టీబీ క్రూషల్ పీ3కి కంపెనీ చెప్పే రాత పరిమితి 220 టీబీ, శాంసంగ్ 990 ప్రోకి 600. రోజూ 50 జీబీ రాసినా తక్కువదే పన్నెండేళ్లు వస్తుంది. కొనే ముందు మదర్‌బోర్డు మాన్యువల్ మాత్రం చూడండి: ఎం.2 స్లాట్లన్నీ ఎన్‌వీఎంఈ తీసుకోవు, కొన్ని సాటాకే.

పాత హార్డ్ డిస్క్ ఉంటే పారేయకండి. ఆడని గేములను అందులో దాచుకోవచ్చు. 150 జీబీ గేమ్‌ను 100 ఎంబీపీఎస్ నెట్‌లో మళ్లీ దించుకోవాలంటే 3 గంటల 20 నిమిషాలు. హార్డ్ డిస్క్ నుంచి సెకనుకు 150 ఎంబీల చొప్పున ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేస్తే 17 నిమిషాలు.