యుద్ధవార్తలు - కనబడని సెన్సారు

2025 మే 7వ తేది తెల్లవారుజామున మన సైన్యము 'ఆపరేషన్ సిందూర్' పేర పాకిస్తానులోని ఉగ్రవాద స్థావరములపై దాడి జరిపెను. ఆ సాయంకాలమే హైదరాబాదున గోలకొండ, కంచన్‌బాగు, మౌలాలి, సికింద్రాబాదులలో సైరనులు మ్రోగి, పౌరరక్షణ విన్యాసములు జరిగెను. నాటి మొదలు 10వ తేది సాయంకాలము కాల్పులు నిలుచువఱకు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి మేడలలో పనిచేయు యువజనులు చేతిలోని ఫోనును విడువక వార్తలకై చూచుచుండిరి. వారికి దొరకిన వార్త యెట్టిది? దానిని వడగట్టినవారెవరు? ఆవేశము చల్లారినది గనుక ఈ విషయమును విచారించుట యుక్తమని మా యభిప్రాయము.

సేనల కదలికలను ప్రకటింపరాదను నియమమును మేము ఆక్షేపింపము. 2008 ముంబయి దాడులలో కమాండోల చర్యను టెలివిజనువారు ప్రత్యక్షముగా ప్రసారము చేయుటను 2012లో కసబు తీర్పునందు సుప్రీంకోర్టు తీవ్రముగా గర్హించెను. 2025 ఏప్రిలు 26న కేంద్ర సమాచార శాఖవారు జారీచేసిన హెచ్చరిక ఇట్టిదే. దానిని వలదనువారెవరు?

కాని మే 8వ తేది రాత్రి జరిగినదేమి? కరాచీ రేవును మన నౌకాదళము ధ్వంసము చేసెనని కొన్ని ఛానళ్లు చాటెను. ఇస్లామాబాదు మన వశమయ్యెనని మఱికొన్ని చాటెను. తెల్లవారునప్పటికి రేవు రేవుగనే యుండెను! ఒక ఛానలు క్షమాపణ చెప్పుకొనెను. తక్కినవానిలో పెక్కింటికి అదియు అనవసరమని తోచినది కాబోలు. స్టూడియోలలో సైరను మ్రోతల నెంత విరివిగా వాడిరనగా, జనులు నిజమైన హెచ్చరికను సైతము లక్ష్యపెట్టకపోవుదురని భయపడి, మే 10న హోంశాఖవారు వానిని మానుడని చెప్పవలసివచ్చెను.

ప్రభుత్వ దండము మాత్రము అన్యత్ర పడెను. 8,000కు మించిన ఖాతాలను భారతదేశమున నిలుపుదల చేయుమని తమకు ఆజ్ఞలు వచ్చెననియు, వానిలో అధికభాగము విషయమున ఏ వ్రాత నేరమైనదో చెప్పబడలేదనియు మే 8న ఎక్స్ సంస్థవారు ప్రకటించిరి. మఱునాడు 'ద వైర్' వెబ్‌సైటు నిలిచిపోయెను. ఒక రఫేలు విమానము కూలెనని ఫ్రెంచి అధికారి చెప్పినట్లు సి.ఎన్.ఎన్. ఇచ్చిన వార్తను ప్రచురించుటయే కారణమని తమకు తెలియవచ్చినట్లు ఆ సంస్థవారు వ్రాసిరి. మే 31న సింగపూరులో త్రివిధదళాధిపతి జనరల్ అనిల్ చౌహాను, సంఖ్య చెప్పకయే, మనకు యుద్ధవిమాన నష్టము కలిగినదని ఒప్పుకొనిరి. మే 9న స్వదేశమున వినరానిది, మూడు వారములకు విదేశమున చెప్పదగినదెట్లయ్యెను?

హైదరాబాదునకు ఇది క్రొత్త యనుభవము కాదు. భారత యూనియనులో చేరుమని వ్రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖానును 1948 ఆగస్టు 21 రాత్రి రజాకారులు దారికాచి కాల్చి చంపిరి. తరువాత సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు సైన్యము ట్యాంకులతో ప్రవేశింపగా, దానికి 'పోలీసు చర్య' యని పేరిడిరి. ఆ పేరే యొక సెన్సారు. పిమ్మట జరిగిన హత్యాకాండను విచారించిన పండిత సుందర్‌లాలు సంఘము మృతులు 27,000 మొదలు 40,000 వఱకు నుందురని అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు మూలబడి, 2013లో గాని ఢిల్లీలో చదువరులకు అందుబాటు కాలేదు. నిజాము పాలనలో గొంతు నొక్కబడిన ప్రజలకు స్వరాజ్య ప్రభుత్వము సైతము తమ కథను తమకు చెప్పలేదు.

పూర్వము సెన్సారు పని కంటికి కనబడుచుండెను. 1975 జూనులో 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' సంపాదకీయపు చోటును ఖాళీగా విడువగా పాఠకుడు గ్రహించెను. ఫోనులో ఖాళీ కనబడదు. ఒక వ్రాత పోయినచోట వేఱొకటి వచ్చి నిలుచును. ఫేస్‌బుక్ సంస్థ 2010లో ఈ నగరమునందే కార్యాలయము తెఱచెను. దాని కొఱకు వ్రాతలను పరిశీలించు కాంట్రాక్టు ఉద్యోగులు ఇక్కడ ఒక్క సంస్థలోనే 1,600 మంది కలరని 2019లో రాయిటర్సువారు తెలిపిరి. ఆ పిల్లలు కంపెనీ నిబంధనలను బట్టి తీసివేయుదురు. సర్కారు ఆజ్ఞ వేఱు మార్గమున వచ్చును. ఐ.టి. చట్టము 69-ఎ సెక్షను క్రింద 2009లో చేసిన నియమములలో 16వది ఆ ఆజ్ఞలను రహస్యముగా నుంచుమనుచున్నది. తన వ్రాత యేల పోయెనో తెలియనివాడు ఏ కోర్టున నేమని మొఱపెట్టుకొనును?

యుద్ధము జరుగుచుండగా రహస్యము కొంత సహింపదగినదే. కాల్పులు నిలిచిన పిమ్మట సహింపనక్కరలేదు. 2025 మేలో నిలిపిన ఖాతాల పట్టికను, ఒక్కొక్కదానికి కారణముతో, పార్లమెంటు ముందుంచవలెను. ఆ రాత్రి కరాచీని కూల్చిన ఛానళ్లపై తీసికొన్న చర్య యేమో గూడ, ఏదేని యున్నచో, ఆ పట్టిక ప్రక్కనే చేర్చవలెనని మేము కోరుచున్నాము.