మాటలు రాని పిల్లాడికి ట్యాబ్ కొంటున్నారా? ముందు మీ ఫోన్ కెమెరా ఆన్ చేయండి

"ఒరేయ్ తమ్ముడూ, పదిహేను వేలలో మంచి ట్యాబ్ చెప్పరా, బాబుకి మాటలొచ్చే యాప్ వేయాలంట" అని పోయినేడాది మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. బావది పత్తి, మిరప సేద్యం. బాబుకి ఐదేళ్ళు. ఆటిజం అని తేలి అప్పటికి రెండేళ్ళైంది. పది మాటలకు మించి రావు.

నేను అలవాటు ప్రకారం ర్యామ్, బ్యాటరీ లెక్కలేసి మూడు మోడళ్ళు పంపా. తర్వాత ఈ సబ్జెక్ట్ గురించి చదివితే నా ఆర్డరే తప్పని అర్థమైంది. ట్యాబ్ రెండో మెట్టు. మొదటి మెట్టుకి కావాల్సిన గ్యాడ్జెట్ అక్క చేతిలోనే ఉంది. అందుకే ఈ వారం స్పెక్స్ కంటే వాడకం గురించే ఎక్కువ చెప్తా.

మొదటి గ్యాడ్జెట్: మీ ఫోన్ కెమెరా

గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది ఆటిజం పిల్లల మీద 'పాస్' అనే పరిశోధన జరిగింది. ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చాయి. ఇందులో పెద్ద డాక్టర్లు కాకుండా, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులతో పనిచేశారు. పద్ధతి చాలా సింపుల్. తల్లీ బిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీయడం, తర్వాత ఆ వీడియో తల్లితో కలిసి చూడడం. ఎనిమిది నెలల్లో తల్లిదండ్రులు బిడ్డ ధోరణికి తగ్గట్టు స్పందించడం మెరుగైంది, బిడ్డలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్నీ మారలేదు. ఇద్దరూ కలిసి ఒకేదాని మీద దృష్టి పెట్టే సమయం మాత్రం తగ్గింది. అయినా పల్లెటూళ్ళో థెరపిస్ట్ దొరకని మనలాంటి వాళ్ళకి ఇది పెద్ద విషయమే.

అక్కతో కూడా అదే చేయించా. ఫోన్‌ని చెంబుకి ఆనించి, ఐదు నిమిషాల వీడియో. బాబు పత్తి గింజలు గిన్నెలోకి ఒక్కొక్కటే వేస్తున్నాడు. అక్క బొమ్మల కార్డులు పట్టుకుని "ఇదేంటి నాన్నా? ఏ రంగు? చెప్పు, చెప్పు" అంటోంది. ఇద్దరం కూర్చుని లెక్కపెడితే నలభైకి పైగా ప్రశ్నలు. ఆ మధ్యలో బాబు రెండుసార్లు తలెత్తి, గింజ చూపించి, వాళ్ళమ్మ వైపు చూశాడు. అక్క కళ్ళు కార్డు మీద ఉన్నాయి. అది చూసి అక్క చాలాసేపు మాట్లాడలేదు. "పిలిచాడ్రా. నేనే చూసుకోలేదు" అంది.

ఇందులో అక్క తప్పేం లేదు. మాటలు రావాలని ఆరాటపడే ఏ తల్లైనా అదే చేస్తుంది. వీడియో లేకపోతే ఎవరికీ కనపడదు, అంతే.

వీడియోలో ఏం చూడాలి?

* మీరు ఎన్ని ప్రశ్నలు వేశారు? ప్రశ్నలు తగ్గించి, వాడు చేసే పనికి మాట తొడగండి. "గింజ... పడింది... ఇంకోటి."
* మాట అన్నాక ఎంతసేపు ఆగారు? మనసులో పది లెక్కపెట్టండి. మనకి అది యుగంలా ఉంటుంది, వాడికి ఆ టైమ్ కావాలి.
* వాడు చూస్తున్నది మీరూ చూస్తున్నారా? మీ ఆటలోకి వాణ్ని లాగకండి, వాడి ఆటలోకి మీరెళ్ళండి.
* చెయ్యి పట్టి లాగడం, చూపు, అరుపు కూడా మాటలే. వాటికి జవాబిస్తున్నారా?

ఒక హెచ్చరిక. ఈ వీడియోలు ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టొద్దు. ఫోన్‌లో లాక్ ఉన్న ఫోల్డర్‌లో ఉంచుకోండి, చూశాక డిలీట్ చేయండి.

'కావాలా' అంటే 'కావాలి' అని

బాబుకి దాహమైతే "నీళ్ళు కావాలా?" అంటాడు. ఎదురు ప్రశ్న వేస్తున్నాడని ఇంట్లో నవ్వేవాళ్ళు. నిజానికి నీళ్ళిచ్చేటప్పుడు వాడికి వినపడే మాట అదే కాబట్టి, దాన్నే తిరిగి వాడుతున్నాడు. చాలామంది ఆటిజం పిల్లలు ఇలా విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు వాడతారు. ఆ మాట వెనక అవసరం ఉంటుంది. తప్పు అని దిద్దకుండా, వాడి తరఫున మీరే "నీళ్ళు కావాలి" అని చెప్పి నీళ్ళివ్వండి. మన తెలుగులో తేడా చివరి అక్షరమే కదా!

ఇక యాప్ సంగతి

బొమ్మ నొక్కితే మాట వినిపించే ఈ యాప్‌లని ఏఏసీ యాప్‌లు అంటారు. మన దేశంలో తయారైనవాటిలో చెన్నైలో పుట్టిన 'ఆవాజ్', ఐఐటీ బాంబే తయారుచేసిన 'జెల్లో' పేరున్నవి. జెల్లో ఉచితం. 'సీబోర్డ్' ఓపెన్ సోర్స్.

అందరూ అడిగే ప్రశ్న: "యాప్ మాట్లాడితే ఇక వీడు నోరు తెరుస్తాడా?" 2006లో వచ్చిన ఒక సమీక్షలో 27 మంది వివరాలు పరిశీలిస్తే 89 శాతం మందిలో మాట పెరిగింది, తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ఆ భయం వద్దు. అలాగని యాప్ వేస్తే మాటలొస్తాయన్న గ్యారంటీ కూడా లేదు. అలా ఎవరైనా రాసిస్తే నమ్మకండి.

పనిచేయాలంటే ఇవి చేయాలి:

1. ముందు మీరు నొక్కండి. "అన్నం" అంటూ మీరే బొమ్మ నొక్కి చూపించండి. వాణ్ని బలవంతపెట్టొద్దు. కొన్ని వారాలు మీరే నొక్కాల్సి రావొచ్చు.
2. మీ ఇంటి ఫొటోలు, మీ గొంతు పెట్టండి. యంత్రం గొంతు "నీరు" అంటుంది, మన ఇంట్లో "మంచినీళ్ళు" అంటాం. చాలా యాప్‌లలో సొంత ఫొటో, సొంత రికార్డింగ్ పెట్టుకోవచ్చు. వాడి గ్లాసు, వాడి మంచం, నానమ్మ ఫొటోలు తీయండి.
3. తిండి పేర్లతో ఆపొద్దు. వద్దు, ఆపు, ఇంకా, అయిపోయింది, నొప్పి, రా. ఈ ఆరూ మొదటి పేజీలో ఉండాలి.
4. శిక్షగా ట్యాబ్ లాక్కోవద్దు. అది వాడి నోరు.

సెట్టింగ్స్ మర్చిపోకండి

ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో 'యాప్ పిన్నింగ్' ఆన్ చేస్తే పిల్లాడు యూట్యూబ్‌లోకి జారిపోడు. ఐప్యాడ్‌లో దీన్నే 'గైడెడ్ యాక్సెస్' అంటారు. గూగుల్ టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు వాయిస్ డేటా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పొలంలో సిగ్నల్ లేకపోయినా పలుకుతుంది. వీలైతే ఆ ట్యాబ్‌లో వీడియోలే వద్దు.

కొనేటప్పుడు ప్రాసెసర్ కంటే స్పీకర్ గట్టిదనం, ఎండలో కనపడే స్క్రీన్, మందపాటి రబ్బరు కేస్ చూడండి. ఎనిమిది అంగుళాలైతే పిల్లాడు మోయగలడు. ఆ బొమ్మలే కాగితం మీద ప్రింట్ తీసి లామినేషన్ చేయించండి. కరెంటు పోయినా, చార్జింగ్ అయిపోయినా మాట ఆగకూడదు.

యాప్ చేయలేని పనులు

ముందు వినికిడి పరీక్ష చేయించండి. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని డీఈఐసీ కేంద్రంలో పిల్లల ఎదుగుదల పరీక్షల గురించి అడగండి. సికింద్రాబాద్‌లో జాతీయ స్థాయి సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, కాబట్టి యూడీఐడీ కార్డుకి అప్లై చేయొచ్చు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ 'నిరామయ' బీమాలో లక్ష రూపాయల వరకు కవర్ ఉంటుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి.

చివరి మాట

మొన్న సంక్రాంతికి వెళ్ళా. అక్క గోంగూర పచ్చడికి మిక్సీ ఆన్ చేసింది. ఆ శబ్దానికి ఇదివరకు బాబు చెవులు మూసుకుని తల గోడకి కొట్టుకునేవాడు. ఈసారి ట్యాబ్ దగ్గరికెళ్ళి "ఆపు" నొక్కాడు. వినపడలేదేమోనని మళ్ళీ నొక్కాడు. అక్క స్విచ్ కట్టేసింది. ఆ పూట పచ్చడి రోట్లోనే నూరింది.

వాడింకా నోటితో ఆ మాట అనలేదు. అంటాడో లేదో తెలీదు. కానీ "ఆపు" అంటే ఇంట్లో ఆపుతారని వాడికిప్పుడు తెలుసు. మీరూ ట్యాబ్ కొంటే కొనండి. ముందు మాత్రం ఈ రాత్రి ఐదు నిమిషాలు ఫోన్‌ని గోడకి ఆనించి, మీ వాడితో కూర్చోండి.