నాటే చేయి, నీరు పోసే చేయి

వానకోసం ఆకాశంకేసి చూడడం అనంతపురం వాసులకు కొత్తకాదు. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే ఇక్కడ సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఇటువంటి నేలమీద 1968లో పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రంగా మొదలైన విద్యాలయం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కరువుసీమలోని విద్యాలయం నీటి విలువ తెలిసినదై ఉండాలని ఎవరైనా ఆశిస్తారు. ఆ ఆశ నెరవేరేది భవనాలవల్ల కాదు, వాటిలో పనిచేసే మనుషులవల్ల.

దీనినే నేటి శాస్త్రం 'పర్యావరణహిత మానవ వనరుల నిర్వహణ' అంటోంది. పేరు పెద్దదైనా భావం తేలికైనదే. ఉద్యోగి ఎంపికలో, శిక్షణలో, పనితీరు లెక్కగట్టడంలో, బహుమానంలో నీటిని, చెట్టును, విద్యుత్తును కూడా దృష్టిలో ఉంచుకోవడమే. రెన్విక్, రెడ్‌మన్, మగ్వైర్ అనే పరిశోధకులు 2013లో దీనిని మూడు మాటల కింద వివరించారు: సామర్థ్యం, ప్రేరణ, అవకాశం.

ఒక తోటమాలినే తీసుకోండి. ఏ చెట్టు తక్కువ నీటితో బతుకుతుందో, పాదు ఎలా కట్టాలో నేర్పితే అది సామర్థ్యం. వేసవి దాటించిన మొక్కలను లెక్కించి మెచ్చుకుంటే అది ప్రేరణ. "సార్, ఈ పైపు కారుతోంది" అంటే వినే అధికారి ఉంటే అది అవకాశం. వానాకాలంలో మొక్క నాటి ఫొటో దిగేవారు చాలామందే ఉంటారు. ఏప్రిల్ ఎండలో దానికి బిందెడు నీళ్లు పోయడం ఎవరి విధి? అది ఎవరి పనిలోనూ రాసి లేకపోతే మొక్క ఎండిపోతుంది.

మరో లెక్క చూడండి. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. వెయ్యి చదరపు మీటర్ల మిద్దెమీద మన 550 మిల్లీమీటర్ల వానకు అయిదున్నర లక్షల లీటర్లు పడతాయి. మిద్దె ఊడ్చి, గొట్టాలు శుభ్రంచేసే మనిషి లేకపోతే అంతా వృథాయే.

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. పర్యావరణహిత ప్రాంగణాలకోసం యూజీసీ 'సతత్' పేరిట మార్గదర్శకాలు వెలువరించింది. మంచిదే. కానీ విద్యార్థికి పాఠం, అధికారికి పత్రం ఉంటే చాలదు. నెల జీతం సకాలంలో అందని, వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియని తాత్కాలిక కార్మికుణ్ణి యాభై ఏళ్లు బతికే చెట్టును ప్రేమించమని ఎలా అడగగలం? చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న బోధ మనందరికీ తెలిసినదే.

మనలో అధ్యాపకులున్నారు, అటెండర్లున్నారు, డ్రైవర్లున్నారు. వజూ చేసేటప్పుడు నీరు పొదుపుగా వాడాలని పిల్లలకు నేర్పే మనం, పనిచేసేచోట కారుతున్న కుళాయిని చూసి 'నాది కాదులే' అని వెళ్లిపోవడం తగునా? నీరు మన చేతికి అప్పగించిన అమానత్. దాన్ని కాపాడే పనివాడి గౌరవం కూడా అంతే.