ధర ఎక్కడ పుడుతుంది?

వరి చేలో చల్లిన మినుము చేతికొచ్చింది. కళ్లంలో రాశి పోశారు. షావుకారు వచ్చి ఒక ధర చెప్పి, "ఇవాళ బజారు ఇంతే" అంటాడు. ఆ బజారు ఏది? నరసన్నపేటా, విజయనగరమా, చెన్నయా? ఇది తెలియని రైతు చెప్పిన ధరకే తూకం వేయించి నష్టపోతాడు.

ఒకే సరుకు, రెండు బజార్లు

ఒకే సరుకును రెండు చోట్ల అమ్ముతుంటే ధరలు ఎక్కువసేపు విడిపోయి ఉండవు. చౌకగా ఉన్నచోట కొని ప్రియంగా ఉన్నచోట అమ్మేవాళ్లు ఉంటారు. వాళ్ల బేరాలతో తేడా తగ్గి, చివరకు రవాణా ఖర్చు మేరకే మిగులుతుంది. అయితే ముందు కదిలేది ఏది? కొనేవాళ్లు ఎక్కువగా ఉండి, కొత్త కబురు ముందు చేరే బజారు. మిగతావి దాని వెనక నడుస్తాయి.

వాయిదా బజారులో ఇలా

రాబోయే నెలల్లో ఇచ్చే సరుకుకు ఇవాళే ధర కుదుర్చుకోవడం వాయిదా వ్యాపారం. బండి కట్టకుండా, బస్తా ఎత్తకుండా బేరం సాగుతుంది కాబట్టి కబురు అందగానే ధర మారుతుంది. నిజామాబాద్ పసుపుకు ఎన్‌సీడెక్స్‌లో ఇలాంటి బేరం జరిగింది.

షేర్లలోనూ ఇంతే. 50 కంపెనీల షేర్ల ధరలను కలిపి లెక్కగట్టే అంకె నిఫ్టీ. దీనిపై వాయిదా బేరం 2000 జూన్‌లో ముంబయిలో, అదే ఏడాది సెప్టెంబరులో సింగపూర్‌లో మొదలైంది. సింగపూర్ బేరం 2023 జులైలో గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీకి మారింది. అక్కడ ఉదయం 6.30కే బజారు తెరుస్తారు, ముంబయిలో 9.15కి. రాత్రి అమెరికాలో ఏం జరిగినా ఆ కబురు తెల్లారేసరికి ముందు అక్కడి ధరలోనే కనబడుతుంది. ముంబయి తెరిచాక రెండూ దాదాపు కలిసే నడుస్తాయి.

మన మినుముల సంగతి

మినుముల వాయిదా వ్యాపారాన్ని 2007 జనవరిలో ప్రభుత్వం ఆపించింది. అందుకని ధర సరుకు బేరంలోనే తేలాలి. మన దేశానికి మినుములు ఎక్కువగా బర్మా నుంచి వస్తాయి. ఆ సరుకుకు చెన్నై పెద్ద బజారు. మన తాతలు కూలికి వెళ్లిన రంగంలో పంట పాడైనా, ఓడలు ఆలస్యమైనా ముందు చెన్నై ధర కదులుతుంది. ఆ కదలిక కొంత ఆలస్యంగా మన కళ్లానికి చేరుతుంది. ఈ ఆలస్యమే దళారికి లాభం.

రైతు ఏం చేయాలి?

అమ్మే ముందు మూడు నాలుగు రోజులు పేపర్లో, ఫోన్లో చెన్నై, విజయనగరం ధరలు చూడండి. అందులోంచి కిరాయి, హమాలీ, కమీషన్, తేమకు తరుగు తీసేయండి. మిగిలినదే మీ కళ్లంలో న్యాయమైన ధర. షావుకారు చెప్పింది దానికి బాగా తక్కువైతే బాగా ఎండబెట్టి నాలుగు రోజులు ఆగండి. నలుగురు రైతులు కలిస్తే ఒక లారీ సరుకవుతుంది, బేరానికి బలం వస్తుంది. ప్రభుత్వ మద్దతు ధర ఎంతో కూడా కనుక్కోండి.

వాయిదా బజారులో డబ్బు పెట్టమని చెప్పడం లేదు. అది చిన్న రైతు మోయగల బరువు కాదు. అక్కడి ధర చూడటానికి మాత్రం పైసా ఖర్చు లేదు.