క్షేత్రయ్య పదాల్లో దూరమైన వలపు

తొలివలపు తలపోత అనగానే నేడు చాలామందికి సినిమా పాటలు గుర్తుకు వస్తాయి. అయితే ఆ భావాన్ని అంతకు ఎంతో ముందే నేర్పుగా పలికించినవి 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు. ఆయన స్వస్థలం కృష్ణా జిల్లాలోని మొవ్వ అని సంప్రదాయం చెబుతున్నది. తంజావూరు విజయరాఘవ నాయకుడు, మదురై తిరుమల నాయకుడు ఆయనను ఆదరించారు. నాలుగు వేలకు పైగా పదాలు రచించినట్లు ఆయన పేరనున్న ఒక పదమే చెబుతున్నది. నేడు లభిస్తున్నవి కొన్ని వందలు మాత్రమే.

క్షేత్రయ్య యౌవనంలో ఒక దేవదాసిని ప్రేమించాడనీ, పదరచనకు ఆమే కారణమనీ ఒక ఐతిహ్యం ఉంది. దానిని కథగానే గ్రహించాలి. పదంలో మాట్లాడేది సాధారణంగా కవి కాదు, నాయిక. ఆమె ఒంటరిగా విలపించదు. ఎదుట చెలికత్తె గాని, మువ్వగోపాలుడు గాని ఉంటారు. అందువల్ల గడచిన వలపు వర్ణనగా కాక సంభాషణగా వస్తుంది. కొన్నిచోట్ల నిష్ఠూరం, కొన్నిచోట్ల ఎత్తిపొడుపు, కొన్నిచోట్ల బతిమాలుకోలు కనిపిస్తాయి. భాష కూడా కావ్యభాష కాదు, ఇంట్లో ఆడవారు మాట్లాడుకునే తెలుగుకు దగ్గరగా ఉంటుంది.

శహన రాగంలోని ఒక ప్రసిద్ధ పదాన్ని చూద్దాం. భర్త వచ్చి పిలుస్తున్నాడని చెప్పి నాయిక తన ప్రియుని వద్ద సెలవు తీసుకుంటుంది. పల్లవిలో ఉన్నది ఈ చిన్న వార్తే. మొదటిసారి విన్నప్పుడు అది సమాచారంలా తోస్తుంది. చరణం పాడి తిరిగి పల్లవి అందుకునేసరికి అదే వార్త బరువెక్కుతుంది. పదాన్ని విలంబకాలంలో పాడడం, ఒకే మాటను అనేక విధాల అభినయించడం ఇందుకే. జ్ఞాపకం కూడబెట్టేది చరణం, దాని ఫలితాన్ని చూపేది పల్లవి.

ఈ పదాలను 20వ శతాబ్దంలో ప్రధానంగా కాపాడినది తమిళదేశమే. చెన్నైలో వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త వీటిని గానంలో నిలిపారు. మరొక మనుమరాలు బాలసరస్వతి అభినయంలో నిలిపారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీల సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ వృత్తికుటుంబాల స్త్రీలు తరతరాలుగా పోషించిన పదాలు క్రమంగా సభావేదికలకే పరిమితమయ్యాయి.

ఇక్కడ ఒక నష్టం గమనించాలి. కచేరీలలో నేడు తరచుగా పల్లవి, అనుపల్లవి, ఒక్క చరణం మాత్రమే వినిపిస్తున్నాయి. తక్కిన చరణాలు పుస్తకాల్లో ఉండిపోతున్నాయి. నాయిక ఏమి పోగొట్టుకున్నదో అవే చెబుతాయి కనుక, అవి లేనిచోట రాగం వల్ల విషాదం తెలుస్తుందే గాని దాని కారణం తెలియదు. పాడేవారికీ వినేవారికీ తెలుగు రాకపోతే ఈ లోటు కనబడదు కూడా.

తంజావూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఇందులో సాయపడగలరు. నిఘంటువుల్లో దొరకని కొన్ని పలుకుబడులు వారి ఇండ్లలోని పెద్దల నోట ఇంకా ఉండవచ్చు. పదాలను అన్ని చరణాలతోనూ చదివి, అటువంటి మాటలు వినబడినప్పుడు అర్థంతోపాటు వాడే సందర్భాన్నీ రాసి ఉంచితే గాయకులకు, నర్తకులకు, పరిశోధకులకు ఎంతో ఉపయోగం.