పిక్క పట్టినా నడక మానవద్దు

సూరత్ నగరపు ఉత్తరపు అంచున, తపతీ నదికి ఆవలి ఒడ్డున ఉన్నది కోసాడ్. నదీతీరపు మురికివాడల నుండి తరలించిన కుటుంబాల కోసం నగరపాలక సంస్థ ఇక్కడ పెద్ద గృహసముదాయమే కట్టించింది. సూరత్ అనగానే మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. ఆ మగ్గాల నడుమ తెలంగాణ జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్ళిన మన నేతపనివారు ఎందరో ఉన్నారు. గంటల తరబడి నిలబడి చేసే పని, మధ్యమధ్య ఒక బీడీ, షిఫ్టు దిగిన తరువాత ఇంటిదాకా నడక.

అటువంటి శ్రామికునికి యాభై ఏళ్ళు దాటిన తరువాత ఒకనాడు రెండు వందల గజాలు నడిచేసరికి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. నిలబడితే మూడు నాలుగు నిమిషాలలో సర్దుకుంటుంది. మళ్ళీ అంతే దూరం నడిస్తే మళ్ళీ అదే నొప్పి. రోజంతా నిలబడిన అలసట అనుకుంటాడు. ఇంటివారు కాళ్ళకు విశ్రాంతి ఇమ్మంటారు. ప్రేమతో చెప్పినా, అది తప్పుడు సలహా.

కాలికి రక్తం సరిగా ఆడడం లేదు అనే ఒక్క మాట కింద మనవాళ్ళు రెండు వేరు వేరు జబ్బులను కలిపివేస్తారు. మొదటిది సిరలకు సంబంధించినది. కదలక నిలబడిన మనిషి చీలమండ వద్ద సిరలోని పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడిచినప్పుడు పిక్క కండరం పంపువలె రక్తాన్ని పైకి నెట్టడం వలన అది 30 దాకా దిగుతుంది. నిలుచుని పనిచేసేవారికి సాయంకాలానికి పాదాలు వాచి నరాలు ఉబ్బడం ఇందువలననే. కాళ్ళు ఎత్తుగా పెట్టుకొని పడుకుంటే హాయిగా ఉంటుంది.

రెండవది ధమనుల జబ్బు, మరింత ప్రమాదకరమైనది. రక్తాన్ని కాలికి తెచ్చే గొట్టాలే కొవ్వు పేరుకొని ఇరుకవుతాయి. విశ్రాంతిగా ఉన్న కండరానికి ఆ కొద్ది రక్తం చాలుతుంది. నడిచే కండరానికి చాలదు. ప్రాణవాయువు అందక అది మొరపెట్టుకుంటుంది. 1831లో బూలే అనే ఫ్రెంచి పశువైద్యుడు ఈ లక్షణాన్ని ముందుగా ఒక గుర్రంలో గుర్తించాడు. మనుషులలో దానిని 1858లో వర్ణించినవాడు షార్కో.

విశ్రాంతి తీసుకుంటే ఈ జబ్బు నయమవుతుందా? 1966లో డెన్మార్క్ వైద్యులు లార్సెన్, లాసెన్ ఇటువంటి రోగులలో కొందరిచేత రోజూ వ్యాయామం చేయించి, చేయనివారితో పోల్చి చూశారు. నడిచినవారే మరింత దూరం నడవగలిగారు. 1995లో గార్డ్నర్, పోల్మన్ 21 పరిశోధనల ఫలితాలను క్రోడీకరించారు. నొప్పి లేకుండా నడవగలిగే దూరం సగటున 126 మీటర్ల నుండి 351 మీటర్లకు పెరిగినట్లు తేలింది. ఇంటి నుండి బస్సుస్టాపు దాకా ఆగకుండా పోగలడా, లేదా అన్న ప్రశ్నకు ఆ తేడాయే సమాధానం కావచ్చు.

ఇరుకైన ధమని నడక వలన వెడల్పు కాదు. చీలమండ వద్ద రక్తపు పోటు కొలిచి చూసినా పెద్ద మార్పు కనిపించదు. మారేది కండరం. అందిన కొద్ది ప్రాణవాయువునే పొదుపుగా వాడుకోవడం దానికి అలవాటవుతుంది. రక్తనాళాల లోపొర చురుకై, అవసరమైనప్పుడు నాళాన్ని సడలించగలుగుతుంది. అడుగు తీరు కూడా చక్కబడి, అదే దూరానికి తక్కువ శ్రమ చాలుతుంది. రాబడి పెరగకపోయినా ఇల్లాలి నేర్పుతో సంసారం గడిచినట్లన్నమాట!

అయితే నొప్పి రాకుండా జాగ్రత్తగా నడిచే షికారు వలన ప్రయోజనం తక్కువ. 2021లో ప్రకటించిన ఒక అమెరికన్ పరిశోధనలో నొప్పి పుట్టేంత వేగంగా నడిచినవారు బాగుపడ్డారు. మెల్లగా నడిచినవారికి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. నొప్పి ఒక మోస్తరుగా పెరిగేదాకా నడిచి, ఆగి, పూర్తిగా తగ్గిన తరువాత మళ్ళీ నడవాలి. విరామాలతో కలిపి అరగంటతో మొదలుపెట్టి క్రమంగా ముప్పావుగంటకు పెంచాలి. వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలకు తగ్గకుండా సాగించాలి. కష్టమైన వైద్యమే, కాని ఖర్చు లేదు.

బీడీ మానకుండా ఎంత నడిచినా చిల్లికుండలో నీరు పోసినట్లే. 1908లో బర్గర్ వర్ణించిన మరొక ధమనుల వ్యాధి పొగాకు వాడే యువకులకే ఎక్కువగా వచ్చి, వేళ్ళను కుళ్ళబెడుతుంది. మధుమేహం, రక్తపు పోటు, కొవ్వు అదుపులో ఉంచే మందులు కూడా తప్పవు. ధమనుల జబ్బు గలవారిలో కాలు పోగొట్టుకొనేవారి కంటె గుండెపోటుతో మరణించేవారే ఎక్కువ. అందువలన నడక మొదలుపెట్టే ముందు గుండెను పరీక్ష చేయించుకోవాలి. నడుస్తూండగా ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపివేయాలి.

పడుకున్నా పాదం నొప్పి పెట్టడం, మానని పుండు, నల్లబడిన వేలు ఉంటే నడకతో కాలయాపన చేయరాదు; రక్తనాళాల శస్త్రవైద్యుని దగ్గరకు అప్పుడే వెళ్ళాలి. తక్కినవారికి తొలి పరీక్ష చాలా తేలిక. చేతి వద్ద, చీలమండ వద్ద రక్తపు పోటు కొలుస్తారు. చీలమండ అంకెను చేతి అంకెతో భాగించగా 0.9 కంటె తక్కువ వస్తే ధమని ఇరుకైనట్లే. ఆపైన కొలబద్ద మీ వీధిలోనే ఉన్నది. ఇంటి నుండి ఎన్నో కరెంటు స్తంభం దగ్గర పిక్క పట్టిందో ఈరోజు రాసిపెట్టుకోండి. నెల తిరిగాక మళ్ళీ లెక్క చూసుకోండి.