లాగే బలం, మోసే బలం

పిల్లలూ! ఒక పహిల్వాను ఉన్నాడనుకోండి. చదునైన రోడ్డు మీద నిలిపిన కారుకు తాడు కట్టి, అతడు ఆ కారును లాగేశాడు. కారు బరువు వెయ్యి కిలోలు. అది చూసి ఎవరైనా, "వెయ్యి కిలోలు లాగాడు గదా, ఇక వెయ్యి కిలోల మూట ఇతని నెత్తిన పెడదాం" అన్నట్టయితే మీరు నవ్వుతారు. ఎందుకంటే లాగటం వేరు, మోయటం వేరు. కారు బరువును దాని చక్రాల కింద ఉన్న నేల మోస్తున్నది. పహిల్వాను దాన్ని కదిలించాడు, అంతే. నెత్తిన పెట్టిన మూటను మాత్రం అతని కాళ్ళే మోయాలి.

ఇది ఇంత సులువైన సంగతే అయినా, పెద్దవాళ్ళు కూడా ఒక్కొక్కసారి దీన్ని మరిచిపోతారు. అట్లా మరిచిపోబోయి, ఒక చిన్నపిల్ల మూలంగా మేము జాగ్రత్తపడిన సంగతి మీకు చెబుతాను.

అమెరికాలో సెలవలు రాగానే ఎన్నో కుటుంబాలవాళ్ళు ఒక చిన్న ఇంటినే వెంట తీసుకుని అడవులకూ, కొండలకూ ప్రయాణమవుతారు. ఆ ఇంటిని క్యాంపింగ్ ట్రైలరు అంటారు. అందులో పడకలూ, పొయ్యీ, నీళ్ళతొట్టీ, స్నానాలగదీ అన్నీ ఉంటాయి. దానికి ఇంజను ఉండదు. నడిమికి కాస్త అటూ ఇటూగా చక్రాలుంటాయి. ముందువైపున ఒక ఇనుప ముక్కు పొడుచుకుని వచ్చి ఉంటుంది. ఈ ముక్కును పికప్ ట్రక్కు వెనక అమర్చిన ఇనుప గుండు మీద కూర్చోబెట్టి బిగిస్తారు. పికప్ ట్రక్కు అంటే, ముందు మనుషులు కూర్చునే గదీ, వెనక సామాను వేసుకునే తొట్టీ ఉన్న బండి.

మా అబ్బాయి టెక్సస్ రాష్ట్రంలో ఉంటున్నాడు. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, అందరం కలిసి అక్కడి బిగ్ బెండ్ జాతీయవనానికి వెళ్ళాలని పిల్లలు పట్టుబట్టారు. అది మెక్సికో సరిహద్దున, రియో గ్రాండే నది పెద్ద వంపు తిరిగేచోట ఉన్నది. 1944లో దాన్ని జాతీయవనంగా నెలకొల్పారు. మా అబ్బాయికి పికప్ ట్రక్కు ఉన్నది గనక, ఒక ట్రైలరు కొందామని అందరం దుకాణానికి వెళ్ళాం. అక్కడివాళ్ళు బరువులను పౌనులలో చెబుతారు. మీకు తేలికగా ఉండేందుకు నేను కిలోలలోకి మార్చి చెబుతున్నాను.

దుకాణదారు ఒక పెద్ద ట్రైలరును చూపించి, "ఇది ఖాళీగా 2,600 కిలోలు. సామానూ, నీళ్ళూ నింపితే 3,200 కిలోలు. మీ ట్రక్కు 4,500 కిలోలు లాగుతుంది. ఇంకా 1,300 కిలోల వెసులుబాటు ఉన్నది గదా!" అన్నాడు. తీసివేత సరిగానే ఉన్నది. మా అబ్బాయి బయానా ఇవ్వటానికి సిద్ధపడ్డాడు. అంతకుముందు ఒకసారి ట్రైలరును తగిలించి చూద్దామనుకున్నారు. ముక్కు గుండు మీద కూర్చున్నదో లేదో, ట్రక్కు వెనకభాగం దిగబడి ముందుభాగం పైకి లేచింది.

అది చూసి, పదేళ్ళ మా మనుమరాలు, "తాతయ్యా, ట్రక్కు గొంతుక్కూర్చున్నదేం?" అని అడిగింది.

పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటవేయటం ఉపాధ్యాయుడికి తగదు. అందుకని ఇద్దరం ట్రక్కు చుట్టూ తిరిగి చూశాం. డ్రైవరు వైపు తలుపు తెరిచాం. తలుపు మూసుకునే స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉన్నది. మనుషులూ, సామానూ కలిపి 680 కిలోలు ఎన్నటికీ మించరాదని దాని మీద ఉన్నది. అమెరికాలో అమ్మే మామూలు పికప్ ట్రక్కులకు ఇటువంటి చీటీ ఉంటుంది. ఈ అంకెనే పేలోడ్ అంటారు. అదే ట్రక్కు మోసే బలం.

ఈ అంకె ఎట్లా వస్తుందో చూడండి. ట్రక్కు తన బరువుతో సహా మొత్తం ఎంత ఉండవచ్చో తయారుచేసినవాళ్ళు ఒక హద్దు పెడతారు. మా అబ్బాయి ట్రక్కుకు ఆ హద్దు 3,100 కిలోలు. చమురు నిండుగా పోసిన ఖాళీ ట్రక్కు 2,420 కిలోలు. తీసివేయగా మిగిలేది 680. మనుషులంటే డ్రైవరుతో సహా అందరూ లెక్కే. ఒకే రకం ట్రక్కులైనా వాటికి అమర్చిన హంగులను బట్టి ఈ అంకె మారుతుంది. అందుచేత పక్కవాడి ట్రక్కు మీది చీటీ మనకు పనికిరాదు.

"మరి ట్రైలరు దాని చక్రాల మీద అది నిలబడి ఉన్నది గదా! దానికీ ట్రక్కు మోసే బలానికీ ఏమిటి సంబంధం?" అని మీరు అడగవచ్చు. మా అబ్బాయీ ఇదే అడిగాడు. ట్రైలరు బరువంతా దాని చక్రాల మీద ఉండదు. ముక్కు గుండు మీద ఆనుకుని ఉన్నది చూశారూ, అక్కడ కొంత బరువు పడుతుంది. మామూలు ట్రైలరుకు అది మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఉండాలి. ఆ బరువును ట్రక్కు లాగటం లేదు, మోస్తున్నది. తొట్టిలో వేసిన బస్తా ఎట్లాగో ఇదీ అట్లాగే.

మా మనుమరాలు కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టింది. నూటికి పన్నెండున్నర అంటే ఎనిమిదో వంతు. 3,200లో ఎనిమిదో వంతు 400 కిలోలు. ట్రైలరును తగిలించే ఇనుప సరంజామా 40 కిలోలు. అమ్మా, నాన్నా, తానూ, తమ్ముడూ కలిసి 215 కిలోలు. తాతయ్య 65 కిలోలు. అంతా కలిపితే 720! చీటీ మీద ఉన్నది 680. ఒక్క పెట్టె అయినా తొట్టిలో పెట్టకముందే 40 కిలోలు ఎక్కువయింది.

మా మనవడికి ఏడేళ్ళు. వాడు ఆలోచించి, "అయితే తాతయ్యను ఇంట్లో వదిలేద్దాం" అన్నాడు. మా కోడలు వాడిని కసిరింది గాని, నాకు నవ్వు వచ్చింది. "వాడన్నది కూడా లెక్కవేసి చూడండి" అన్నాను. నేను దిగిపోతే 655 అవుతుంది. మిగిలేది 25 కిలోలు. తొట్టిలో మంచుపెట్టె, పిల్లల సైకిళ్ళు పెడితే అదికాస్తా చెల్లిపోతుంది. అంటే తాతయ్యను వదిలినా చిక్కు తీరలేదు!

మరి దుకాణదారు చెప్పిన 4,500 అబద్ధమా? కాదు. అది లాగే బలం. మామూలుగా ఆ అంకెను నిర్ణయించేటప్పుడు ట్రక్కులో డ్రైవరూ, పక్కన ఇంకొకరూ మాత్రమే, ఒక్కొక్కరు 68 కిలోల చొప్పున ఉన్నట్టు లెక్కవేస్తారు. వెనక సీట్లో పిల్లలుండరు, తాతయ్య ఉండడు, తొట్టిలో సైకిళ్ళుండవు. ఇంటిల్లిపాదీ ఎక్కేసరికి, లాగే హద్దు ఇంకా ఎంతో దూరాన ఉండగానే మోసే హద్దు దాటిపోతుంది. రెండు హద్దులలో ఏది ముందు వస్తే దానికే మనం కట్టుబడాలి.

హద్దు దాటితే ఏమవుతుంది? దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక స్కేలు తీసుకోండి. దాని ఒక కొస కింద ఒక రబ్బరు, 20 సెంటీమీటర్ల గీత కింద ఇంకొక రబ్బరు పెట్టండి. మొదటిది ముందు చక్రాలు, రెండవది వెనక చక్రాలు. మిగిలిన 10 సెంటీమీటర్లు వెనక్కు పొడుచుకుని ఉంటాయి. ఇప్పుడు ఆ వెనక కొసను వేలితో నొక్కండి. ముందు కొస పైకి లేస్తుంది. ట్రక్కుకు జరిగేది ఇదే. గుండు వెనక చక్రాలకు ఇంకా వెనకగా ఉన్నది గదా! ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 3.75 మీటర్లు, గుండు వెనక ఇరుసుకు 1.5 మీటర్ల దూరాన ఉన్నదనుకుందాం. గుండు మీద 400 కిలోలు పడితే ముందు చక్రాల మీది బరువు 160 కిలోలు తగ్గుతుంది. వెనక చక్రాల మీద 400 గాక, ఆ 160 కూడా కలిసి 560 కిలోలు పెరుగుతుంది.

ట్రక్కును మలుపు తిప్పేవి ముందు చక్రాలు. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పనిచేసేవీ అవే. అవి తేలికపడితే నేల మీద వాటి పట్టు తగ్గుతుంది. వెనక టైర్లు మోయదగిన దానికన్న ఎక్కువ మోస్తూ, అణిగి, వేడెక్కుతాయి. వేసవి ఎండలో, వేగంగా పోయే రోడ్డు మీద, అటువంటి టైరు పగిలిపోవచ్చు. రాత్రిపూట దీపాల వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్ళలో పడుతుంది. ఈ బరువును సర్దటానికి స్ప్రింగు కమ్ములున్న ఒక సాధనం ఉన్నది. అది గుండు మీది బరువులో కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రైలరు చక్రాలకూ పంచుతుంది. దాన్ని వాడటం మంచిదే. కాని దానివల్ల చీటీ మీది అంకె పెరగదు.

ఇంతలో మా మనవడికి ఇంకొక ఉపాయం తోచింది. "ట్రైలరులో బరువులన్నీ వెనక్కు జరిపితే ముక్కు తేలికవుతుంది గదా!" అన్నాడు. నిజంగా తెలివైన మాటే. కాని చాలా ప్రమాదకరమైనది. ఎద్దుబండి తోలినవారికి ఇది తెలుసు. బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను అణిచేస్తుంది. వెనక్కు ఎక్కువైతే నొగ పైకి లేచి మెడతాళ్ళు ఎద్దుల గొంతులకు బిగుసుకుంటాయి. అందుకే బండివాడు బరువును చూసి సర్దుతాడు. ట్రైలరుకు ఇంకొక ముప్పు కూడా ఉన్నది. ముక్కు మీద చాలినంత బరువు లేకపోతే, గాలి కొట్టినప్పుడో, పెద్ద లారీ పక్కగా దూసుకుపోయినప్పుడో అది అటూ ఇటూ ఊగటం మొదలుపెడుతుంది. వేగం ఎక్కువగా ఉంటే ఆ ఊపు తగ్గకపోగా పెరిగి, ట్రక్కును కూడా రోడ్డు మీదనుంచి లాగివేయవచ్చు. నూటికి 10 వంతులకు తగ్గరాదని చెప్పటంలోని అర్థం ఇదే. చూశారా, ముక్కు బరువు ఎక్కువైతే ట్రక్కు మోయలేదు. తక్కువైతే ట్రైలరు కుదురుగా ఉండదు. ఇక మిగిలిన మార్గం ఒకటే: ట్రైలరు బరువే తగ్గించాలి.

మా అబ్బాయి పెద్ద ట్రైలరును వదిలి చిన్నదాన్ని చూశాడు. అన్నీ నింపినా దాని బరువు 2,200 కిలోలు. మా మనుమరాలు మళ్ళీ లెక్కవేసింది. ఎనిమిదో వంతు 275. సరంజామా 40. నాతో సహా అయిదుగురం 280. మొత్తం 595. తొట్టిలోకి ఇంకా 85 కిలోలు మిగిలింది. "తాతయ్య రావచ్చు!" అని మనవడు కేకపెట్టాడు.

ఆ 85 కిలోలను కూడా పొదుపుగానే వాడుకున్నాం. సైకిళ్ళు ఇంట్లోనే వదిలాం. ఒక లీటరు నీరు ఒక కిలో గనక, దారికి కావలసిన నీళ్ళు మాత్రం ఉంచుకుని, నీళ్ళతొట్టిని విడిదికి చేరాక నింపుకున్నాం. కట్టెలు కూడా వెంట తీసుకుపోలేదు. దూరప్రాంతాల కట్టెలతోపాటు చెట్లను తినే పురుగులు కొత్త అడవికి చేరతాయి గనక అదే మంచి పద్ధతి కూడా. బయలుదేరే రోజున, లారీలు ఆగేచోట ఉన్న వేబ్రిడ్జి మీద బండిని తూచాం. అక్కడ ముందు చక్రాలూ, వెనక చక్రాలూ, ట్రైలరు చక్రాలూ విడివిడిగా తూగుతాయి. మూడు అంకెలూ హద్దులలోనే ఉన్నాయి. పెద్ద ట్రైలరు పోయిందని మా అబ్బాయికి కొంచెం వెలితిగా ఉండిన మాట నిజమే. కాని ఎడారిలో ఆ రాత్రి నక్షత్రాల కింద అందరం కలిసి అన్నం తింటుంటే, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇంత లెక్క ఎందుకు? బరువు ఎక్కువైనా బండి నడుస్తున్నది గదా!" అనేవారు ఉంటారు. నిజమే, చదునైన రోడ్డు మీద నిదానంగా పోతుంటే ఏమీ తెలియదు. ఒకనాడు కొండ దిగుతూ ఉండగా ఎవరో అడ్డం వస్తారు. అప్పుడు బ్రేకు నొక్కాక లెక్కవేసుకునే వ్యవధి ఉండదు. లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి.

ఇప్పుడు మీరొక లెక్క చేయండి. ఒక ట్రక్కు చీటీ మీద 640 కిలోలు అని ఉన్నది. నిండా సామాను నింపిన ట్రైలరు 2,400 కిలోలు. దాని ముక్కు మీద ఎనిమిదో వంతు పడుతుంది. తగిలించే సరంజామా 40 కిలోలు. మనుషులందరూ కలిసి 260 కిలోలు. తొట్టిలో ఎన్ని కిలోల సామాను వేయవచ్చు? జవాబు 40 వస్తే మీరు సరిగా చేసినట్టు.

ఇంకొక పని కూడా చేయండి. మన రోడ్ల మీద నిలిపిన లారీల పక్కన, ఖాళీ బరువెంతో, సరుకుతో సహా ఎంత దాటరాదో అంకెలు రాసి ఉంటాయి. ఈసారి కనిపిస్తే ఒకదానిలోనుంచి ఒకటి తీసివేసి చూడండి. వచ్చేదే ఆ లారీ మోసే బలం. తరవాత దాని మీద ఎంత సరుకు వేశారో మీరే చూడండి.